రీలు కడిగేదాకా

గిద్దలూరులో ఉదయం ఆరూ నలభైకి రైలెక్కాను. సంచిలో రెండు చిన్న కెమెరాలున్నాయి. ఒకటి రీలు వేసేది, ఇంకోటి డిజిటల్. రెండూ పాతవే, రెండూ జేబులో పట్టేవే. రోజువారీ ఫోటోలకు ఏది నయమో తేల్చుకుని, రెండోది అమ్మేద్దామని ఈ ప్రయాణం పెట్టుకున్నాను. నియమం ఒక్కటే. ఏం కనబడినా ముందు రీలు కెమెరాతో, వెంటనే డిజిటల్‌తో ఒక్కోటి తీయాలి.

నల్లమల అడవిలో ఒక వంతెన తీశాను. డిజిటల్‌లో నా వేలు అడ్డం వచ్చిందని అప్పుడే కనబడింది. రీలులో ఏం పడిందో దేవుడికే తెలియాలి. తర్వాత పెట్టెలోని జనాన్ని తీశాను. ఎదుటి సీటు పెద్దాయన గమనిస్తూనే ఉన్నాడు.

"సర్వేకొచ్చినావా?"

కాదన్నాను. ఆయన నమ్మలేదు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఎనిమిదిన్నరకు నంద్యాల. ఉగ్గాని, బజ్జీ తిని, తొమ్మిదింబావుకు ఆళ్లగడ్డ బస్సు పట్టుకున్నాను. గంటకు పైగా పట్టింది.

ఆళ్లగడ్డలో రోడ్డు వారనే శిల్పుల రేకుల షెడ్లు. మొదటి షెడ్డులో యాభై ఏళ్లాయన ఒక అమ్మవారి మొహానికి కళ్లు దిద్దుతున్నాడు. ఆయన వీపు నా వైపుంది. రెండు కెమెరాలూ నొక్కేశాను. రీలు గిర్రున తిరిగిన చప్పుడుకు ఆయన లేచాడు.

"ఏందప్పా అది? యాడికి పంపుతాండావ్?"

"యాడికీ పంపనన్నా. నా కోసమే."

"పోయినేడు ఒగడు నా కోసమే అని తీసుకుపోయినాడు. నేను మూన్నెల్లు చెక్కిన మొగాన్ని ఆ ఫోటో చూసి యాడనో మిషన్ మీద కోసి అమ్ముకుంటాండారు."

ఆయన పేరు సుబ్బాచారి. డిజిటల్ తెర మీద బొమ్మ చూపించాను. తుడిపేసే మీట ఏదో అడిగి, తానే నొక్కాడు. తర్వాత రెండోదాన్ని చేతిలోకి తీసుకుని వెనక్కీ ముందుకీ తిప్పాడు.

"ఇంగ దీంట్లోది చూపీ."

"దీంట్లో కనబడదన్నా. రీలు కడిగితేనే."

"కనబడని కెమెరా ఎవడు కొంటాడప్పా? మూత తీయ్."

మూత తీస్తే వెలుతురు సోకి రీలంతా పోతుంది. ఆ రీలు మొదట్లో, ఇంటి దగ్గర తీసిన మా అమ్మ ఉంది. ఆరు నెలల జబ్బు తర్వాత లేచి కూర్చున్న రోజు ఆమె నవ్వింది, నేను నొక్కాను. డిజిటల్ ఎత్తేసరికి కొంగు సర్దుకుని బిగుసుకుపోయింది. ఆ నవ్వంటూ ఉంటే రీలులోనే ఉండాలి. ఈ సంగతంతా చెప్పాను. సుబ్బాచారి మొహంలో నమ్మకం కనబడలేదు.

"అయితే కడిగేకాడికి నేనూ వస్తా" అని ఉలి కింద పెట్టి చొక్కా తొడుక్కున్నాడు.

తిరుగు బస్సులో కెమెరా ఆయన ఒళ్లోనే ఉంది. ఆయన వేళ్లు మూత గొళ్లెం మీద పడతాయేమోనని నేను, దిగి పారిపోతానేమోనని ఆయన, ఒకరినొకరు కనిపెట్టుకుంటూ నంద్యాల చేరాం.

బస్టాండు దగ్గరి సందులో బాషా గారి స్టూడియో. నలుపు తెలుపు రీళ్లు ఇంకా చేత్తో కడిగేది ఆయనొక్కరేనని ముందే విని ఉన్నాను. రీలు తీసుకుని చీకటి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు.

"లోపల ఏం చేస్తాండాడు?" అన్నాడు సుబ్బాచారి. నాకూ అదే అనుమానం.

గంటకు తడి రీలు తెచ్చి ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకున్నారు. శిల్పం ఉండాల్సిన చోట ఖాళీ గాజులా ఉంది.

"షెడ్డులో వెలుతురు చాలలే. ఏం పడలే" అన్నారు బాషా.

అమ్మ ఫోటో మాత్రం పడింది. నెగటివ్‌లో తెల్లజుట్టు నల్లగా, మొహం చీకటిగా ఉంది. నాకు అంతకుమించి ఏమీ తెలియలేదు. సుబ్బాచారి దగ్గరికి జరిగి, మొహాలు చెక్కేవాడి కళ్లతో చాలాసేపు చూశాడు.

"నవ్విందప్పా. ఎడమ దవడ పైకి లేచింది సూడు."

నేనూ వంగి ఆ దవడే చూశాను. ఆయన మాత్రం వెంటనే ఆ ఖాళీ ముక్క వైపు వేలు చూపించాడు. "అయినా దీన్ని కత్తిరించు."

రీలు ఆరాక బాషా కత్తిరించి ఇచ్చారు. ఇస్తూ, "దీన్ని కోస్తే పాయె. కార్డులోది తుడిపేసినా మళ్లా బయటికి తీయొచ్చు. పోయిన పెండ్లి ఫోటోలు అట్ల ఎన్ని తీసిచ్చినానో" అన్నారు.

సుబ్బాచారి నా వైపు అరచెయ్యి చాపాడు. డిజిటల్ కెమెరాలోంచి మెమరీ కార్డు తీసి అందులో పెట్టాను. అమ్మ బిగుసుకున్న ఫోటో కూడా దాంతోపాటే పోయింది. కార్డూ ముక్కా రుమాలులో చుట్టుకుని, బస్సుకు టైమైందని వెళ్లిపోయాడు.

ఐదుంబావు రైలుకు గిద్దలూరు బయలుదేరాను. నాలాగా రెంటి మధ్య ఊగేవాళ్లకు చెప్పగలిగింది ఇంతే. టీకొట్టుకూ బస్సుకూ డిజిటల్ చాలు, తప్పు అక్కడే తెలుస్తుంది. మళ్లీ రాని మొహానికి రీలు మంచిది, వెలుతురు ఉంటేనే. ఏది అమ్మాలో తేల్చుకోలేకపోయాను.

గాజులపల్లి దాటి అడవి మొదలయ్యేదాకా రైలు పెద్దాయన మీదా, సుబ్బాచారి మీదా మనసులో గొణుగుతూనే ఉన్నాను. ఎంత అనుమానం మనుషులో అనుకున్నాను. అప్పుడు తట్టింది. పొద్దుట్నుంచి రెండు కెమెరాలతో అంతమందిని తీశాను. తీయనా అని ఒక్కరినీ అడగలేదు.