ఆఖరి ఇంటి సాన్పి

దయ్యాలున్నాయంటే నవ్వే రకం నేను. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే లేచి టీ పెట్టుకోవడానికి పోతాను. అందుకే ఇది చెప్పడానికి ఇన్నేళ్లు మొహమాటపడ్డాను.

తెలంగాణ వచ్చాక, ప్రభుత్వ పథకాలు ఊళ్లకు ఎంతవరకు అందుతున్నాయన్న అంశం మీద పీహెచ్‌డీ చేశాను. రామన్నపేట దగ్గర ఒక ఊళ్లో ఇంటింటికీ నల్లా నీళ్లు వస్తున్నాయా అన్నది తేల్చాలి. చేతిలో పెన్ను కనబడితే చాలు, ఉన్న పింఛన్ ఆగిపోతుందేమోనని జనం "అంత మంచిగనే ఉంది మేడం" అనేవాళ్లు. ఇక అడగడం మానేసి, పొద్దున్నే వాకిళ్లు చూడడం మొదలుపెట్టాను. నల్లా వచ్చే ఇంట్లో వాకిలి ఊడ్చి, పేడనీళ్లతో సాన్పి చల్లకుండా ఉండరు. తడి వాకిలి అబద్ధం చెప్పదు కదా!

ఆఖరి వీధిలో వాకిళ్లన్నీ పొడి. చివరి ఇంటి ముందు మాత్రం పచ్చిపచ్చిగా సాన్పి, దాని మీద ముగ్గు. తలుపుకు తుప్పుపట్టిన తాళం.

ఈ ఇంట్లో ఎవరుంటారని పక్కింటి యాదమ్మను అడిగాను.

"గా అవ్వ సచ్చిపోయి ఏండ్లాయె బిడ్డా. నల్లా కోసం సూసి సూసి పోయింది. మాకు తాగనీకే లేవు, గాడ ఎవరు జల్లుతరు?" అంది.

ఎవరో ఆకతాయి పని అనుకున్నాను. మర్నాడూ అంతే.

ఈ వీధికి నీళ్లు రావడం లేదనడానికి పొడి వాకిళ్లే సాక్ష్యమని, నీళ్ల పథకం ఇంజనీరును తీసుకొచ్చి చూపించాను. ఆయన ఆ తడి వాకిలి చూసి నవ్వాడు. "మీ లెక్క ప్రకారమే నీళ్లొస్తున్నయి గద మేడం!"

నా కొలబద్ద నా నెత్తికే తగిలింది. ఆయన మాట నెగ్గితే ఈ వీధి గొంతు ఇక తడవదు. ఒళ్లు మండింది. "అయితే ఇక్కడే తవ్వించండి" అన్నాను.

తవ్వారు. తడి పైపైనే, కింద పొడి మట్టి. పైపులో దుమ్ము తప్ప చుక్క నీరు లేదు. ఆ పైపు వెంట వెనక్కి తవ్వుకుంటూ పోతే, వీధి మలుపులో పెద్ద పైపుకు దాన్ని అసలు కలపనే లేదని తేలింది. ఇంజనీరు మొహం చూడాలి అప్పుడు!

పైపు కలిపిన రోజు ఆడవాళ్లు బిందెలు పక్కనపెట్టి ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకున్నారు. నన్నూ నిలువునా తడిపారు. గెలిచామని గొంతు చించుకుని అరిచాను. పట్టా అందుకున్న రోజు కూడా అంత సంతోషపడలేదు.

తెల్లారి చూస్తే వీధి పొడవునా సాన్పి, ముగ్గులు. అవ్వ వాకిలి ఒక్కటే పొడిగా ఉంది.

అన్నాళ్లూ ఆ తడి ఎక్కడిదో ఇప్పటికీ చెప్పలేను. థీసిస్‌లో ఆ వాకిలి మాటే ఎత్తలేదు. ఏమని రాయను?

ఆ పొద్దున యాదమ్మ మాత్రం బిందె నింపుకుని అక్కడికి వచ్చింది. తన బిందెలోంచి చెంబెడు ముంచి, ఆ వాకిట్లో తనే చల్లింది.

"ఇగ నువ్వు పండుకో అవ్వా. మేం జల్లుతం."