వీపు మీది బాపు

నా వీపు మీద, కుడి భుజానికి కాస్త కింద, ఒక మనిషి ఉంటాడు. దట్టమైన మీసం, చెవులను కప్పేసిన జుట్టు, పెద్ద కాలరు చొక్కా. ఎవరో పిలిస్తే వచ్చి, ఎందుకు పిలిచారో తెలియక నిలబడినట్టుంటాడు. నిజానికి ఆయన అక్కడ ఉండవలసిన మనిషి కాదు. ఎలా వచ్చి చేరాడో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఊరు ఎల్లారెడ్డిలో నవ్వాల్సినవాళ్లంతా ఎప్పుడో నవ్వేశారు.

మా బాపు పేరు నర్సయ్య. నేను పాకే వయసులో ఉండగానే దుబాయికి పనికి వెళ్లాడు. ఎప్పుడో సెలవు దొరికినప్పుడు సెంటు సీసాలూ, పూల దుప్పట్లూ మోసుకుని వచ్చేవాడు. మొదట్లో నేను అమ్మ కొంగు చాటున దాక్కునేవాణ్ని. కాస్త అలవాటుపడి ఆయన పక్కన పడుకోవడం మొదలుపెట్టేసరికి సెలవు అయిపోయేది. వచ్చిన ప్రతిసారీ జుట్టు కొంత అక్కడే వదిలేసి, పొట్ట కొంత తెచ్చుకునేవాడు.

నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా, "ఇగ వచ్చేస్తున్న, మళ్ల పోను" అని ఫోన్ చేశాడు. అమ్మ ఆ వారమే ఇంటికి సున్నం వేయించింది. నేనూ ఏదో ఒకటి చేయాలి కదా అనుకున్నాను. ఇల్లు ఊడ్చి పెడితే సరిపోయేది. కానీ ఆ వయసులో బుర్రకు చిన్న పనులు తోచవు. మా కాలేజీలో సగం మంది చేతుల మీద తేలో, త్రిశూలమో, ఎవరో అమ్మాయి పేరులోని మొదటి అక్షరమో ఉండేది. నేను మాత్రం వాళ్లందరికంటే ఒక మెట్టు పైన ఉండాలనుకున్నాను. బాపు ముఖాన్నే పచ్చబొట్టుగా వేయించుకుని, ఆయన గడపలో అడుగు పెట్టగానే చూపించాలి. ఆయన కళ్లు తుడుచుకోవాలి. ఇదీ పథకం.

ముసలితనం మీద పడ్డ బాపును కాకుండా వయసులో ఉన్న బాపును వేయించుకోవాలని నా కోరిక. అందుకు ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క ఫోటో. స్టూడియోలో, రంగు వేసిన జలపాతం ముందు, ఇద్దరు కుర్రాళ్లు ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని నిలబడ్డారు. ఒకే తాను గుడ్డతో కుట్టిన చొక్కాలు, ఒకే రకం జుట్టు, ఒకే మీసం. ఒకడిని తీసి ఇంకొకడి చోట నిలబెట్టినా ఫోటో మారదు. నాకు తెలిసిన బాపుకేమో బట్టతల, కళ్లద్దాలు, గుండ్రటి ముఖం. ఆ గుండ్రటి ముఖం ఈ ఇద్దరు బక్క మనుషుల్లో ఎవరిలోంచి వచ్చిందో ఎంత చూసినా అంతుపట్టలేదు.

అమ్మ వరండాలో చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. మామూలుగా అడిగినట్టు అడిగాను.

"అమ్మా, గీ ఇద్దర్ల బాపు ఎవరే?"

అమ్మ తల ఎత్తకుండా ఆకు చుడుతూనే చెప్పింది. "ఎడమ దిక్కున్నాయన."

"పక్కకున్నదెవరు?"

"ఉన్నడు తియ్యి ఎవడో. మీ బాపు ముందల మాత్రం గా ఫోటో బయటికి తియ్యకు."

నాకు కావలసిన మాట దొరికింది కాబట్టి రెండో మాట వినిపించుకోలేదు. ఫోన్‌లో ఆ ఫోటో తీసుకుని కామారెడ్డి బస్సెక్కాను.

కామారెడ్డిలో బస్టాండుకు దగ్గరలో, ఒక మొబైల్ దుకాణం పైఅంతస్తులో పచ్చబొట్లు వేసే గది ఉండేది. వేసేవాడు నా కంటే కొంచెం పెద్దవాడు. చేతి తొడుగులు వేసుకుని, కొత్త సూది పొట్లం నా ఎదుటే విప్పాడు. ముంజేతి మీద వేసుకుంటే నొప్పి తక్కువ, రోజూ నాకూ కనిపిస్తుందని సలహా ఇచ్చాడు. నాకు కనిపిస్తే అమ్మకూ కనిపిస్తుంది. అంతా బయటపడిపోతుంది. పైగా అప్పటికే నా దగ్గర ఒక గొప్ప మాట తయారుగా ఉంది. బాపు నాకు వెన్నుదన్ను కాబట్టి వెన్ను మీదే ఉండాలి అన్నాను. అతను చొక్కా మీదుగానే నా భుజం ఎముక తడిమి చూశాడు.

"మాట మస్తుగుందన్నా. కానీ అక్కడ ఎముక ఉంటది. జర నొస్తది."

ఫోన్ తెరిచి ఫోటో చూపించి, ఎడమ వైపున్న కుర్రాడి మీద వేలు పెట్టాను. అప్పుడు నా వేలు ఒక్క అంగుళం పక్కకు జారి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఇక నొప్పి సంగతి. మొదట చీమ కుట్టినట్టుంది. ఇంతేనా అనుకున్నాను. కాసేపటికి ఆ చీమ తన బంధువర్గాన్నంతా పిలుచుకొచ్చింది. సూది ఎముక దగ్గరికి చేరేసరికి ఆ బంధువులందరూ తలా ఒక కుట్టుమిషను తెచ్చుకుని నా వీపు మీద కూర్చున్నారు. పళ్లు బిగబట్టాను. బల్ల అంచు పట్టుకున్నాను. ఎక్కాలు చదివాను, పన్నెండో ఎక్కం సగంలో మరిచిపోయాను. చివరికి నాకు తెలియకుండానే "బాపూ" అని మూలిగాను.

"వస్తున్నడన్నా," అన్నాడు అతను తాపీగా. "కండ్లయినయ్. మీసం ఒక్కటే ఉంది. కదలకు, నువ్వు కదిలితే మీ బాపు మీసం వంకర పోతది."

తండ్రి మీసం కోసం అంత కష్టపడ్డ కొడుకు మా జిల్లాలో ఇంకొకడు ఉండడని ఇప్పటికీ నా నమ్మకం.

అంతా అయ్యాక నా వెనక ఒక అద్దం, ముందు ఒక అద్దం పెట్టి చూపించాడు. ఎర్రగా వాచిన చర్మం మధ్య నల్లటి ముఖం. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, నొప్పికో ప్రేమకో చెప్పలేను. "అచ్చం మా బాపే," అన్నాను. అతను పొంగిపోయాడు.

పైన పల్చటి ప్లాస్టిక్ చుట్టి జాగ్రత్తలు చెప్పాడు. ఇంటికి వెళ్లాక తీసేసి, గోరువెచ్చటి నీళ్లతో, వాసన లేని సబ్బుతో మెల్లగా కడగాలి. మెత్తగా అద్ది ఆరనివ్వాలి. మందు పల్చగా రాయాలి. ఎండ తగలకూడదు, చెరువులో ఈత కొట్టకూడదు. పొక్కు కట్టి రాలేటప్పుడు దురద పెడుతుంది, గోకితే బొమ్మ పాడైపోతుంది. అన్నిటికీ తల ఊపాను. వీపు మీద మందు ఎవరు రాస్తారన్న చిన్న విషయం మాత్రం ఎల్లారెడ్డి బస్సులో గుర్తొచ్చింది. ఆ బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా ఊరు వచ్చేదాకా నిలబడే వచ్చాను. మొలలున్నాయా అని కండక్టరు జాలిగా అడిగాడు. కావచ్చు అన్నాను. పరువు ఎటూ పోయేదే కదా.

ఇంట్లో ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో నాకే తెలియాలి. భుజం మీదుగా చేయి వేస్తే అందదు, నడుము వైపు నుంచి తిప్పితే అందదు. గోడకు అద్దం ఆనించి, వంటింటి గరిటెను బాగా కడిగి, దాని వెనక వైపు మందు పెట్టి రాసుకునేవాణ్ని. రాశాక మళ్లీ కడిగి యథాస్థానంలో తగిలించేవాణ్ని. ఒకనాడు తొందరలో కడగడం మరిచాను. అన్నం తింటూ అమ్మ ఆగిపోయి, పప్పులో దవాఖానా వాసన ఎందుకొస్తోందని అడిగింది. కొత్త కందిపప్పు అలాగే ఉంటుందని చెప్పాను. వెల్లకిలా పడుకోలేక బోర్లా పడుకుంటుంటే, కడుపునొప్పి అనుకుని పొద్దున్నే వాము నీళ్లు కాచి ఇచ్చింది. అదీ తాగాను. దురద మొదలయ్యాక, బర్రెలు గుంజకు వీపు రుద్దుకుంటూ ఎందుకు అంత ఆనందంగా కళ్లు మూసుకుంటాయో మొదటిసారి అర్థమైంది. గుంజ ఎదురుగా ఉన్నా రుద్దుకోలేని నన్ను చూసి ఆ బర్రెలు ఏమనుకున్నాయో.

బాపు రానే వచ్చాడు. భోజనాలయ్యాయి. వరండాలో అమ్మ, బాపు, నేను ముగ్గురమే ఉన్నాం. ఇదే సమయమని లేచి, వాళ్లకు వీపు తిప్పి, చొక్కా విప్పాను. వెనక నుంచి ఏ చప్పుడూ లేదు. ఏడుస్తున్నాడు కాబోలు అనుకున్నాను. కళ్లద్దాల పెట్టె తెరిచిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆయన ఊపిరి నా వీపుకు తగిలేంత దగ్గరికి వచ్చాడు.

"గీడు మల్లిగాడు గదరా," అన్నాడు.

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఫోన్ తీసి ఫోటో చూపించి, ఎడమ దిక్కు అని నువ్వే చెప్పావుగా అని నిలదీశాను.

"ఆయన వాళ్ల ఎడమ దిక్కు నిలబడ్డడురా," అంది అమ్మ. "నీ ఎడమ ఎవరడిగిండ్రు?"

బాపు మాత్రం నవ్వలేదు. "ఇరవై ఏండ్ల సంది వాని మొఖం చూడొద్దనుకున్న," అన్నాడు నెమ్మదిగా. "తెచ్చి ఇంట్ల పెట్టినవ్." లేచి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతే అమ్మ సంగతంతా చెప్పింది. మల్లయ్య బాపుకు ప్రాణ స్నేహితుడు. ఎల్లారెడ్డిలో దర్జీ. ఫోటోలోని రెండు చొక్కాలూ ఆయన కుట్టినవే. ఇద్దరూ కలిసి పాస్‌పోర్టులు తీయించుకున్నారు, కలిసే దుబాయి వెళ్లాలనుకున్నారు. బొంబాయి రైలెక్కడానికి కామారెడ్డి స్టేషన్‌కు బాపు వెళ్లాడు. మల్లయ్య రాలేదు. రైలు కదిలే దాకా బాపు తలుపు దగ్గరే నిలబడి చూశాడట. ఆ తర్వాత సెలవుల్లో ఎన్నిసార్లు వచ్చినా, మల్లయ్య దుకాణం ముందు నుంచి వెళ్లాల్సి వస్తే తల అటు తిప్పేసేవాడు. నేను బాపు ముఖమే అనుకుని, ఆయన తప్పించుకు తిరిగే ముఖాన్ని వేయించుకున్నాను. చెరపడానికి వీల్లేని సిరాతో.

అమ్మ తన పక్కన కూర్చుని బీడీలు చుట్టే ఆమె ఒక్కదానికే చెప్పిందట. రెండు రోజుల్లో బజారులో నన్ను చూసినవాళ్లంతా ముందు నా ముఖం కాకుండా నా వీపు చూడడం మొదలుపెట్టారు. ఆ వారంలోనే ఒక సాయంత్రం, మెడలో టేపు అలాగే వేలాడుతుండగా, మల్లయ్య మా గడప ముందు నిలబడ్డాడు. బాపు స్నేహితుడు కాబట్టి నాకు కాక, అంటే చిన్నాన్న వరస. బాపు మంచం మీద కూర్చుని ఉన్నాడు, పలకరించలేదు. మల్లయ్య కాక నన్ను అడిగాడు, ఒకసారి చూపిస్తావా బిడ్డా అని. నేను బాపు వైపు చూశాను. ఆయన వద్దనలేదు. చొక్కా తీశాను.

కాక దగ్గరికి వచ్చాడు. ఒక వేలుతో కాలరు అంచు తడిమాడు.

"గప్పుడు నాకు గింత జుట్టుండెనా," అన్నాడు. ఆ తర్వాత వేలు తీసేసి బాపుతో చెప్పాడు. "భయమైందిరా నర్సిగా. సముద్రం దాటాలె అంటే కాళ్లు ఆడలే. నీకు చెప్తే నువ్వు గూడ ఆగిపోతవని చెప్పలే. నీకు పెండ్లాం, పిల్లగాడు. నువ్వు పోవాలె."

నేను చొక్కా చేతిలో పట్టుకుని, ఇద్దరి వైపూ వీపు పెట్టి నిలబడే ఉన్నాను. వాళ్ల ముఖాలు నాకు కనిపించడం లేదు. వెనక మంచం కిర్రుమంది.

"కూసో," అన్నాడు బాపు. "చాయ్ తాగిపో."

ఆ రోజు మొదలైన చాయ్ ఇప్పటికీ రోజూ సాయంత్రం సాగుతూనే ఉంది. మొదట్లో ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకునేవారు కాదు. తర్వాత్తర్వాత ఎవరు ఎక్కువ మాట్లాడుతున్నారో చెప్పడం కష్టమైంది. మల్లయ్య కాక మా ఇంటికి ఏ చుట్టం వచ్చినా నన్ను పిలిచి చొక్కా విప్పించేవాడు. "వాళ్ల బాపును గాదు, నన్ను మోస్తున్నడు" అని మురిసేవాడు. కొన్నాళ్లు భరించిన బాపుకు ఇది మెల్లగా నచ్చడం మానేసింది. ఒకనాడు తనే బయల్దేరదీసి నన్ను కామారెడ్డి తీసుకెళ్లాడు, ఎడమ భుజం ఇంకా ఖాళీగా ఉందని.

పచ్చబొట్టు అతను నన్ను గుర్తుపట్టాడు. జరిగిందంతా విని ఫోటో ముట్టుకోవడానికే భయపడ్డాడు. బాపు కూడా ఫోటోల మీద నమ్మకం లేదని, నా ఎదురుగా బల్ల వేయించుకుని స్వయంగా కూర్చున్నాడు. "నన్ను చూసుకుంట ఎయ్యి," అన్నాడు. నా వీపు మీద మళ్లీ ఆ చీమల బంధువర్గం దిగింది. పని పూర్తయ్యాక బాపు కళ్లద్దాలు సవరించుకుని వంగి చూశాడు. ఉన్నది ఉన్నట్టుగా వేశాడు పాపం. బట్టతల, కళ్లద్దాలు, చెంపల మీద ముడతలు, దేన్నీ వదల్లేదు.

"గీ ముసలోడెవడు?" అన్నాడు బాపు.

ఇంటికి వచ్చేసరికి మల్లయ్య కాక చాయ్ గ్లాసు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. చొక్కా తీయించి, రెండు భుజాలనూ మార్చి మార్చి చూశాడు. "మంచిగున్నడు," అన్నాడు చివరికి. "అచ్చం మా బాపు లెక్కున్నడు."

వాళ్లిద్దరూ ఆ సాయంత్రమంతా మాట్లాడుకోలేదు. మర్నాడు చాయ్ వేళకు మళ్లీ కలిశారు.

అందుచేత, ఎల్లారెడ్డి కామారెడ్డి రోడ్డు మీద తిరిగే బస్సులన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఈ వీపు మీదికి ఎవరినీ ఎక్కించను. ఎవరైనా అంతగా ముచ్చటపడితే వాళ్లు తమ వీపులు తామే తెచ్చుకోవాలి.