పరుపుల గోదాంలో జాజ్ మోగించిన విక్టర్ మాస్టారు

విక్టర్ మాస్టారు ఇక లేరు. మంగళవారం ఉదయం, ఒమాన్‌లోని సహం ఊళ్ళో నేను పనిచేసే ఇంట్లో పిల్లల టిఫిన్ డబ్బాలు సర్దుతుంటే ఆయన కూతురు గ్రేస్ ఫోన్ చేసింది. "సత్యవతక్కా, నాన్న నిద్రలోనే వెళ్ళిపోయారు" అంది. "ఎక్కడికి?" అన్నాను నేను. ముందురోజు సాయంత్రమే ఆయన ఫోన్లో నన్ను తిట్టారు. అంత గట్టిగా తిట్టిన మనిషి తెల్లారేసరికి లేకపోవడమేమిటో నా బుర్రకు ఎక్కలేదు.

తిట్టింది నా పాట గురించే. మా శుక్రవారం బ్యాండ్ ఆరు పాటలతో ఒక రికార్డు చేస్తోంది. అయిదు పూర్తయ్యాయి. ఆరోది నేను సొంతంగా కట్టిన పాట. "నీ పాట ఇంకా కూర్చునే ఉందే అమ్మాయ్! శుక్రవారానికి దాన్ని లేపి నిలబెట్టకపోతే నేనొప్పుకోను" అన్నారు. ట్రంపెట్ ఊదే శంకర్ వీసా క్యాన్సిల్ చేయించుకుని ఆ పైవారం జగిత్యాల వెళ్ళిపోతున్నాడు, మళ్ళీ రాడు. అంటే మాకు ఆ ఒక్క శుక్రవారమే ఉంది. మాస్టారు మంగళవారం వెళ్ళిపోయారు.

ఈ వ్యాసం చదివే కొత్తవాళ్ళకు ఆయన పేరు తెలియకపోవచ్చు. పాత మస్కట్ వాళ్ళ కాళ్ళకు మాత్రం బాగా తెలుసు. కాకినాడలో పెళ్ళి బ్యాండ్‌లో క్లారినెట్ వాయించే తండ్రికి పుట్టి, ఆ క్లారినెట్టే చంకన పెట్టుకుని కుర్రతనంలో బొంబాయి వెళ్ళారు. అక్కడి హోటళ్ళలో గోవా పెద్దల దగ్గర డాన్సు బ్యాండ్ పని నేర్చారు. ఓడల్లో వచ్చిన పాత గ్రామఫోన్ రికార్డులు విన్నారు. అమెరికాలో నల్లజాతివాళ్ళు మన తాతల కాలంలో పుట్టించిన జాజ్ అది. ముల్లు తీసి మళ్ళీ వెనక్కి పెడుతూ, రికార్డు అరిగి గరగరలాడేదాకా విని, ఒక్కొక్క వరసా వేళ్ళలోకి ఎక్కించుకున్నారట. "గురువుగారి ముఖం చూడలేదు, ఊపిరి విన్నాను" అనేవారు.

తర్వాత మస్కట్‌లో ఒక పెద్ద హోటల్ పిలిస్తే వచ్చి, సొంత బ్యాండ్ కట్టారు. తెల్ల కోట్లు, నల్ల బో టైలు. అప్పటి ఫోటో చూస్తే సినిమా హీరోలా ఉంటారు. ఆ బ్యాండ్‌తో రెండు క్యాసెట్లు చేశారు. ఒకటి ఎండకు సాగిపోయింది. రెండోదాన్ని గ్రేస్ ఫోన్లోకి ఎక్కించింది. మొదటిసారి ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నప్పుడు నేను వంటగదిలో అట్లకాడ పట్టుకుని నిలబడి ఉన్నాను. వెనక ఎక్కడో ప్లేట్ల చప్పుడు, ఎవరో ఆడమనిషి నవ్వు, అంతలో ఆ క్లారినెట్టు! గాలిపటం దారం తెంపుకున్నట్టు ఒక్కసారిగా పైకి లేచింది. నా మడమలు వాటంతటవే లేచాయి. మా మేడం చూసి, "సత్యా, కాలిందా?" అని కంగారుపడింది.

కొన్నాళ్ళకు ఆ హోటల్‌లో బ్యాండ్ తీసేసి పాటలు వేసే మిషన్ పెట్టారు. మాస్టారు గొడవ చెయ్యలేదు. సహంలో నర్సుగా చేస్తున్న కూతురి దగ్గరికి వచ్చేశారు. క్లారినెట్టును ఏ రోజూ పెట్టెలో పడుకోనివ్వలేదు.

ఆయన నాకు పరిచయమైంది గ్రేస్ పనిచేసే క్లినిక్‌లోనే. నేను పనిచేసే ఇంటి పెద్దావిడను డాక్టరుకు చూపించడానికి తీసుకెళ్ళి, వరండాలో కూర్చుని సన్నగా కూనిరాగం తీస్తున్నాను. పక్కన చేతికర్రతో కూర్చున్న ముసలాయన వంగి అడిగారు.

"అమ్మాయ్, తెలుగేనా? అది కాస్త గట్టిగా పాడు."

"అయ్యో, ఇది నాట్లప్పుడు పాడుకునేదండీ. డాన్సు పాట కాదు."

"బురదలోంచి కాలు తీస్తారా, లేదా?"

"తీస్తామండీ."

"మళ్ళీ పెడతారా, లేదా?"

"పెట్టకపోతే పడిపోతామండీ!"

"మరింకేం, అదే డాన్సు" అన్నారు. చేతికర్రతో నేల మీద తాళం వేసి, నా పాటనే నాకు కొత్తగా వినిపించారు. ఆ వేళ ఇంటికి వెళ్ళేదాకా నా అడుగులు తిన్నగా పడలేదు.

అలా చేరిందే మా బ్యాండ్. శంకర్ ఊళ్ళో పెళ్ళి బ్యాండ్‌లో ఊదినవాడు, ఇక్కడ సైట్‌లో షట్టరింగ్ పని. యాదగిరి డప్పు మీద పెరిగినవాడు, ఇక్కడ పరుపుల దుకాణంలో డ్యూటీ. మాస్టారు క్లారినెట్టు, నేను పాట. శుక్రవారం పొద్దున ఆ దుకాణం మూసి ఉంటుంది. యజమాని దయవల్ల వెనక గోదాం మాది. గోడల వెంట పరుపులు నిలబెట్టి, మధ్యలో ఒకే ఒక్క మైకు. తొలినాటి జాజ్ రికార్డులు అలాగే చేశారని మాస్టారు చెప్పేవారు. అందరూ ఒక్క చోటికే వాయించాలి. ఎవరి గొంతు ఎంత పెద్దదైతే వాళ్ళు అంత దూరం నిలబడాలి. నేను మైకు ముందు, మాస్టారు నా భుజం వెనక, యాదగిరి మూల, శంకర్ పరుపులన్నిటి అవతల.

"ఒరేయ్ శంకరం, పెళ్ళివారు పారిపోయేలా ఊదకు. ఇంకా వెనక్కి పో."

"ఇంకా ఎన్కకు పోతే బార్డర్ల ఉన్న బురైమి వస్తది సార్!"

"పో నాయనా. అక్కడినుంచి బ్రహ్మాండంగా వినిపిస్తావు."

ఏసీ మోత మైకులో పడుతుంది కాబట్టి రికార్డు చేసేటప్పుడు ఏసీ ఆపెయ్యాలి. సహం ఎండలో, రేకుల గోదాంలో! "సార్, ఇది పాట గాదు, బిర్యానీ దమ్ము" అని యాదగిరి మొత్తుకునేవాడు. మాకు తెలియకుండానే ఒక తమాషా జరిగింది. త్వరగా అయిపోతే ఏసీ వేసుకోవచ్చన్న ఆశతో అందరం కొంచెం కొంచెంగా వేగం పెంచేసేవాళ్ళం. మొదలు నడకగా ఉన్న పాట చివరకు పరుగయ్యేది. మొదట మాస్టారు తల పట్టుకున్నారు. తర్వాత విని విని ఒకరోజు పకపకా నవ్వి, "ఇది నేర్పితే వచ్చేది కాదర్రా. ఉంచండి" అన్నారు. పక్కనున్న సోహార్‌లో తెలుగువాళ్ళ పిక్నిక్‌లో మా పాటలు పెడితే బిర్యానీ ప్లేట్లు కింద పెట్టి మరీ జనం లేచారు. మస్కట్ నుంచి వచ్చిన ఒక కీబోర్డు అబ్బాయి ఆ ఊపు ఎలా తెచ్చారని అడిగితే, మాస్టారు గంభీరంగా, "ఏసీ ఆపెయ్ నాయనా" అని చెప్పారు. ఆ అబ్బాయికి ఏమీ అర్థం కాలేదు. మేం ముగ్గురం నవ్వలేక చచ్చాం.

ఇంత సరదా మనిషికి ఒక విషయంలో మాత్రం జాలి ఉండేది కాదు. ఏ పాటైనా ఒకటికి రెండుసార్లు వాయించేవాళ్ళం. రెండూ విని, కళ్ళు మూసుకుని, "ఇది" అనేవారు. అంతే, రెండోది చెరిపెయ్యాల్సిందే. ఎందుకని అడిగితే, "ఇది బతికుంది" అనేవారు. మేం ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు.

ఆ మంగళవారం సాయంత్రం గ్రేస్ ఇంటికి వెళ్ళాం. శంకర్ గుమ్మంలోనే కూలబడ్డాడు. "ఇగ మనతోని కాదక్కా. సార్ లేకుంటె ఒకటి, రెండు అని లెక్క ఎవలిస్తరు? ఎవల ముఖం జూసి ఊదాలె?" అన్నాడు. నాకూ అదే అనిపించింది. చావు ఇంట పాటేమిటన్న సంకోచం ఒకటి, నా పాట కోసం నేను ఆత్రపడుతున్నానని అనుకుంటారేమోనన్న సిగ్గు ఒకటి. గ్రేస్ ముఖం కడుక్కుని వచ్చి మా ఎదురుగా కూర్చుంది.

"నాన్న ఆదివారం ఫ్లైట్‌లో బయల్దేరి కాకినాడ వెళ్తారు. కాగితాల పని నేను చూసుకుంటాను. మీకు శుక్రవారం పనుంది కదా?"

"నువ్వేమీ అనుకోవా తల్లీ?"

"అయిదు పాటలతో ఆగిపోతే ఆయనే అనుకుంటారు. అప్పుడు తిట్లు ఎవరు పడతారక్కా?"

శుక్రవారం ఏసీ ఆపాం. శంకర్ ఎవరూ చెప్పకుండానే పరుపుల వెనక్కి వెళ్ళాడు. యాదగిరి పుల్లలతో లెక్క ఇచ్చాడు. నేను అందుకున్నాను.

"ఎండమ్మా ఎండమ్మా, ఏ ఊరు నీది?
మా ఊరికొస్తే నీకు మజ్జిగిస్తాను."

మొదటిసారి రెండో చరణంలో నాకు మాట తడబడింది. "నీ ఊరికొస్తే నాకు మజ్జిగిస్తావా?" అనేశాను. యాదగిరి ఫక్కున నవ్వాడు, అటునుంచి శంకర్ ట్రంపెట్‌తోనే నవ్వాడు, నేనూ నవ్వుతూనే పాడేశాను. ఆ ఊపులో పాట ఎక్కడికి పోతోందో తెలియలేదు. ఎంత సంతోషం! చెమటో కన్నీళ్ళో, ముఖమంతా తడి. రెండోసారి ఒక్క తప్పూ లేకుండా వచ్చింది.

రెండూ విన్నాం. "రెండోదే మంచిగుంది, తప్పు లేదు" అన్నాడు శంకర్. "మొదటిదాంట్ల నా నవ్వు వినవడ్తుంది, ఇజ్జత్ పోతది" అన్నాడు యాదగిరి. చాలాసేపు వాదించుకున్నాం. మధ్యాహ్నం నమాజు అయిపోయింది, బయట దుకాణం షట్టర్ లేపుతున్న చప్పుడు వినిపించింది. ఇక ఎవరో ఒకరు చెప్పాలి.

"మొదటిదే" అన్నాను నేను. "ఎందుకక్కా?" అని అడిగాడు శంకర్. నా దగ్గర ఉన్నది నమ్మకం ఒక్కటే. నా ముఖం చూసి ఇద్దరూ తలవంచారు, యాదగిరి రెండోదాన్ని చెరిపేశాడు. గ్రేస్ ఫోన్ చేసినప్పుడు నాకు అర్థం కాని మాట అప్పుడు అర్థమైంది. మాస్టారు నిజంగానే లేరు. ఉంటే, ఏది ఉంచాలన్న మాట నా చేత అననిచ్చేవారు కాదు.

పాటలు కట్టేవాళ్ళు దొరుకుతారు, ఊదేవాళ్ళు దొరుకుతారు. రెండిట్లో ఏది బతికుందో విని చెప్పగల చెవి మాకు ఇంకెక్కడా దొరకదు. మాస్టారూ, మీ పాదాలకు నమస్కారం. మొదటిదే ఉంచాం. తప్పయితే ఆ తప్పు నాది.