మా అత్త వెతికిన పెట్టె

మా అత్త పోయింది. ఉదయం కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అట్లాగే గోడకు ఆనుకుంది. డాక్టరు వచ్చేసరికే అంతా అయిపోయింది. పలమనేరులో మా వీధి వీధంతా కదిలి వచ్చింది. మంచి మనిషి అన్నారు, పాలలో చుక్క నీళ్లు కలపలేదన్నారు. రెండూ నిజమే. కానీ ఎవరూ అనని మాట ఒకటుంది, అది మీకు చెప్పకపోతే నాకు అన్నం సహించదు. మా అత్త లెక్కల్లో పరిశోధన చేసేది.

నవ్వొస్తే నవ్వుకోండి. ఆమె కూడా నవ్వేది.

ఆమెది పదో తరగతితో ఆగిన చదువు. నేనేమో లెక్కలు తప్పించుకోడానికే తెలుగు చదివి, తెలుగు టీచరునైన దాన్ని. కాబట్టి నేను చెప్పే లెక్కకు మీరు భయపడక్కర్లేదు. ఒక పెట్టె ఉందనుకోండి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ నిండు అంకెలు కావాలి, అరలూ పావులూ ఉండకూడదు. ఏ పక్క మీదైనా మూల నుంచి ఎదురు మూలకు కొలిస్తే అప్పుడూ నిండు అంకే రావాలి. ఇంతవరకు సాధించిన వాళ్లున్నారు. ఇక ఆఖరిది, పెట్టె లోపల కింది మూల నుంచి అవతలి పై మూలకు కొలిస్తే అది కూడా నిండుగా రావాలి. అట్లాంటి పెట్టె ఇంతదాకా ఎవరికీ దొరకలేదు. లేదని రుజువు చేసిన వాళ్లూ లేరు.

ఈ సంగతి మా పాపకు ట్యూషన్ సారు మాటల మధ్యలో చెప్పాడట. పాప అన్నం తింటూ చెప్పింది. వడ్డిస్తున్న అత్త చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఎవురికీ తెలీదా? పెద్ద సదువులు సదివినోళ్లకి గూడా?"

"ఎవరికీ తెలీదవ్వా."

అప్పుడు ఆమె మొహం మీరు చూడాల్సింది. లెక్కలంటే ఎప్పుడో ఎవరో చేసి ముగించేసిన పని, మనకు మిగిలింది ఎక్కాలు అప్పజెప్పడమే అనుకుంటూ అంత వయసు వచ్చిన మనిషి. ఇంకా మిగిలిన పని ఉందని తెలిసేసరికి తనకు పెళ్లి పిలుపు వచ్చినట్టు సంబరపడింది. "అయితే మనమూ సూడొచ్చు గదా" అంది.

చూడటం మొదలుపెట్టింది. పాప పాత పుస్తకాలన్నీ దింపించింది. తెలియని చోట పాపను అడిగేది, పాప విసుక్కుంటే పెరుగు గిన్నె పట్టుకుని సారు ఇంటికే పోయేది. క్యాలెండరు కాగితాల వెనక రాసేది. ఆవు కింద కూర్చుని పాలు పిండుతూ వర్గాలు గొణిగేది. పాల కేంద్రంలో ఒకరోజు తన వంతు వచ్చినా కదల్లేదట. వెనకున్నామె "ఏమక్కా, పెట్టెలో ఉండావా?" అంటే వరసంతా నవ్వింది. ఆ మాట ఇంటికొచ్చి మాకు చెప్పి, తనే అందరికంటే ఎక్కువ నవ్వింది.

ఇంట్లో మగవాళ్ల సంగతి వేరు. మామకు అది పెట్టె పిచ్చి. మా ఆయనకు సిగ్గు. "బయట చెప్పొద్దు మా, నగుతారు" అనేవాడు. "నగనీరా, వాళ్ల పండ్లే గదా బయటపడేది" అనేది. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, వినేవాళ్లు కాదు, అంతే. ఆమె కాగితం తీసుకుని "ఈడ సూడప్పా" అని పక్కన కూర్చుంటే, కొడుకు ఫోను మీద నుంచి కన్నెత్తకుండా "బాగుండాది మా" అనేవాడు. ఆ "బాగుండాది" వింటే ఆమెకు ఒళ్లు మండిపోయేది. నేను వినేదాన్ని, కానీ నాకు అర్థమయ్యేది కాదు. తన దారిలో చివరిదాకా ఒక్కరైనా తనతో నడిచి చూడాలి. ఆమె కోరిక అదొక్కటే.

"ఎందుకత్తా ఈ తిప్పలు, దీనివల్ల ఒరిగేదేముంది?" అని ఒకసారి అడిగాను.

"ఆవులకి మేత ఎయ్యాల. మీ మామకి సంగటి జెయ్యాల. నేను జేసేదంతా ఎవురికో ఒకరికి కావాల గాబట్టే జేస్తాండా. ఇది ఎవురికీ వద్దు, నాకే కావాల. అందుకే రుచిగా ఉండాది" అంది.

నేను చదివిన పుస్తకాల్లో ఇంత సూటి జవాబు నాకు కనపడలేదు.

కొన్నేళ్లకు, అట్లాంటి పెట్టె లేనే లేదని తనకు రుజువు దొరికిందంది అత్త. తిరుపతిలో ఒక కాలేజీలో లెక్కల పెద్దలు మాట్లాడతారని, ఎవరైనా పోవచ్చని సారు చెప్పాడు. మా ఆయన వద్దన్నాడు. నాకు రేగింది. పులిహోర కట్టుకుని, అత్తను బస్సెక్కించాను.

పొద్దుటి మాటలు మా ఇద్దరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. భోజనాల దగ్గర ప్లేటు పట్టుకుని నిలబడ్డ ఒక పడుచు లెక్చరరును అత్త పట్టుకుంది. "అమ్మణ్ణీ, నీకు తీరికుంటే ఒకటి సెప్తా. తప్పుంటే తప్పని సెప్పు, మొగమాటం వద్దు."

మెట్ల మీద కూర్చున్నారు. ఆ అమ్మాయి మొదట తింటూ వింది. కాసేపటికి ప్లేటు పక్కన పెట్టింది. మధ్యలో ఆపి అడిగింది, కాగితం వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. చివరికి మెల్లగా చెప్పింది. "అమ్మా, మీరు ఒక పద్ధతిలో పెట్టెలు చేసినారు. ఆ పద్ధతిలో చేసిన వాటిల్లో మీరు వెతికే పెట్టె లేదు, అంతవరకు మీ మాట నిజమే. కానీ ఆ పద్ధతికి అందని పెట్టెలు ఇంకా ఉన్నాయి. రుజువు నిలబడదు."

అత్త "ఇంగోసారి సెప్పు తల్లీ" అంది. రెండోసారి విని, తలూపి, ఆ అమ్మాయి రెండు బుగ్గలూ పుణికింది.

తిరుగు బస్సులో ఏడుస్తుందేమోనని నేను పక్కకు చూడలేదు. చూస్తే పులిహోర తింటోంది.

"బాధగా లేదా అత్తా?"

"బాధెందుకే! బాగుండాది బాగుండాది అని ఇంట్లో ఎన్నిసార్లు అన్నారు, ఒకరన్నా ఇన్నారా? ఆ యమ్మి తప్పు అనింది. తప్పని సెప్పాలంటే మొత్తం ఇనాల గదమ్మే."

చిత్తూరు వచ్చేదాకా పక్క సీటామెకు పెట్టె గురించి చెబుతూనే ఉంది. ఆ తర్వాత కూడా వెతుకులాట మానలేదు. మరింత ఉషారుగా మొదటికొచ్చింది.

అత్త పోయాక దివసాలకు నేను పిలిస్తే ఆ లెక్చరరు తిరుపతి నుంచి వచ్చింది. చుట్టాల మధ్య కూర్చుని ఆ మెట్ల మీది సంగతి చెప్పింది. మా ఆయన ఫోను పక్కన పెట్టి చివరిదాకా విన్నాడు. తర్వాత అడిగాడు, "లోపల కొలిచేది అంటారే, అది యాడ మేడమ్?"

ఇన్నేళ్లూ ఆ గీత ఎక్కడుంటుందో కూడా అతనికి తెలియదు. ఆ లెక్చరరు మేమున్న గది చూపించి, ఈ గదే పెట్టె అనుకోండి అంది. అతను దండలు కట్టగా మిగిలిన దారం ఉండ తీసుకుని, స్టూలెక్కి, కొసను పైకప్పు మూలకు అదిమి పట్టుకున్నాడు. "నాయనా, నువ్వా కొస పట్టుకో" అన్నాడు. మామ గది అవతలి మూలకు పోయి, మోకాళ్ల మీద కూర్చుని, దారాన్ని నేలకు ఆనించాడు.

"ఇదేనా మేడమ్?"

"అదే."

"దీని కోసరమా మా అమ్మ..." అని అతను గోడవైపు తిరిగాడు. ఏడుస్తున్నాడని అందరికీ తెలిసింది.

"గట్టిగా పట్టుకోరా, వొంగతాండాది" అన్నాడు మామ.

దారం బిగిసింది. ఇద్దరూ అట్లాగే పట్టుకుని దాన్నే చూస్తూ ఉండిపోయారు. భోజనాలకు లేచిన చుట్టాలు ఒక్కొక్కరే దాని కింద తల వంచి అవతలికి పోయారు.