ఆప్షన్ ఫారంలో మూడు గడులు

నా పదవీ విరమణకు ఆరేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, నన్ను చిక్కడపల్లి గ్రంథాలయంలోని రిఫరెన్స్ విభాగం నుంచి అశోక్‌నగర్ పఠన మందిరానికి బదిలీ చేస్తూ ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను మూడో గ్రేడు లైబ్రేరియన్‌ను. ఆ ఉత్తర్వుకు కారణం ఎవరో కాదు, నేనే.

రిఫరెన్స్ విభాగంలోని పుస్తకాలు ఇంటికివ్వరు, అక్కడే కూర్చుని చూసుకోవాలి. నిఘంటువులు, గెజిటీర్లు, విజ్ఞాన సర్వస్వాలు. నా చదువు ఇంటర్మీడియట్, ఆపైన గ్రంథాలయ శాస్త్రంలో సర్టిఫికెట్ కోర్సు. మిగిలినదంతా ఆ బీరువాల దగ్గర నేర్చుకున్నదే. పాఠకులు పలుచబడే మధ్యాహ్నాల్లో ఇరవై నాలుగు సంపుటాల విజ్ఞాన సర్వస్వాన్ని మొదటి పుట నుంచి చదువుతూ పదిహేడో సంపుటం పూర్తిచేయబోతున్నాను. మిగిలిన ఏడూ చదివి రిటైర్ కావాలని నా కోరిక.

ఐదేళ్లు ఒకేచోట పనిచేసినవారు బదిలీల సమయంలో ఆప్షన్ ఫారం ఇవ్వాలి. అందులో మూడు గడులుంటాయి. కావలసిన చోట్లను వరుసగా రాయాలి, ఉన్న చోటైనా రాయవచ్చు. నేను మూడింటిలోనూ ‘చిక్కడపల్లి రిఫరెన్స్’ అనే రాశాను. ఆ వారమే నారాయణగూడలోని మా చర్చిలో, శుక్రవారం ఉపవాస ప్రార్థనకు మనవి చీటీ వేశాను. దేవుని చిత్తమైతే నన్ను రిఫరెన్స్ విభాగంలోనే ఉంచాలని ప్రార్థించమని అందులో కోరాను.

ఆ చీటీలు సంఘానికి చదివి వినిపించేది మరియమ్మ. మా గ్రంథాలయంలోనే సీనియర్ అటెండర్. నన్ను ఆఫీసులో సార్ అనేది, చర్చిలో బ్రదర్ అనేది. చీవాట్లు పెట్టాలంటే మాత్రం ఎక్కడైనా సారే. సోమవారం బీరువాలు దులుపుతూ మొదలుపెట్టింది.

“ఏంది సార్, గట్ల రాసిన్రు? ఆర్డర్ మీరే టైప్ కొట్టిన్రు, దేవుడు జర సంతకం పెడితే చాలన్నట్టుంది.”

“దేవుని చిత్తమైతేనే అని రాసిన గద, మరియమ్మా!”

“రాసిన్రు. ఆయనకు వేరే చిత్తముంటే రాసుకోనీకి జాగేది?”

నేను నవ్వి పదిహేడో సంపుటం తెరిచాను.

ఉత్తర్వు అందగానే సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్లాను. ఆయన నా ఫారం తిప్పి చూపించారు. వెనక చిన్న అక్షరాల్లో నిబంధన ఉంది. మూడు గడుల్లోనూ ఒకే చోటు రాసినవారిని, ఎక్కడికైనా వెళ్లడానికి సమ్మతించినట్టు పరిగణించి ఖాళీ ఉన్నచోటికి పంపుతారు. పాఠకులకు నియమాలు చదివి వినిపించే నేను ఆ కాగితం తిప్పనేలేదు.

మరియమ్మ వారం రోజులు నవ్వింది. “మీరు చర్చిల ‘దేవుని చిత్తం’ అని ఉత్తగ అన్నదాన్ని ఆఫీసోళ్లు నిజం చేసిన్రు సార్.”

అశోక్‌నగర్‌కు మొదటి నెల ముఖం మాడ్చుకునే వెళ్లాను. ఒకటే హాలు, దినపత్రికలు, పోటీ పరీక్షల పుస్తకాలు, తలుపులు తీయకముందే వరుసలో నిలబడే అభ్యర్థులు. గ్రూప్స్‌కు చదువుతున్న శ్రావణి ఒకరోజు, ఋతుపవనాలు వెనక్కి ఎందుకు మళ్లుతాయని అడిగింది. చెప్పాను. ఏ సంపుటంలో చదివానో అడక్కుండానే అదీ చెప్పాను. మర్నాడు నలుగురు వచ్చారు, వారం తిరిగేసరికి ఒక బల్ల నిండింది.

“సార్, మీరు ఏ కోచింగ్‌ల చదివిన్రు?” అంది శ్రావణి.

“చిక్కడపల్లిల. అక్కడ ఫీజు లేదమ్మా.”

పదిహేడో సంపుటం దాటిన విషయం అడిగితే, తెలియదని ఒప్పుకుని, సాయంత్రం చిక్కడపల్లికి నడిచి వెళ్లి చూసుకుని వచ్చేవాణ్ని. చదవడానికి నాకు రిఫరెన్స్ విభాగం కుర్చీయే కావాలనుకున్నాను. చదివింది ఎవరికి పనికొస్తుందో అంతకుముందు ఆలోచించలేదు. శుక్రవారం చీటీలో విభాగం పేరు రాయడం ఎప్పుడు మానేశానో గుర్తులేదు.

మూడేళ్ల తర్వాత ఖాళీలు ఏర్పడి మళ్లీ ఆప్షన్లు అడిగారు. మొదటి గడిలో అశోక్‌నగర్, రెండోదానిలో చిక్కడపల్లి, మూడోదానిలో అడిక్‌మెట్ శాఖా గ్రంథాలయం రాశాను. వెనక వైపు రెండుసార్లు చదివాను. మూడో చోటికి పంపినా వెళ్తానని నాకు నమ్మకం కలిగాకే సంతకం పెట్టాను.

అడిక్‌మెట్ వచ్చింది.

“ఈసారి టైప్ కొట్టింది ఆయనే సార్!” అంది మరియమ్మ.

అక్కడే రిటైరయ్యాను. విజ్ఞాన సర్వస్వం ఇరవై ఒకటో సంపుటం దగ్గర ఉంది.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఇది. దేవుణ్ని ఏదైనా కోరవచ్చు, మొదటి గడి అందుకే ఉంది. కానీ ఆయన చిత్తమే జరగాలని అన్నవాడు మిగిలిన రెండు గడుల్లో వేరే పేర్లు రాయాలి, అక్కడికి వెళ్లడానికి సిద్ధపడే రాయాలి.