ఆనకట్ట కింద పిలిచిన పేరు

మేము కాపురాలకు వచ్చిన రోజుల్లో, పెళ్ళాం నోట పేరు పలికితే మొగుడి ఆయుష్షు తరిగిపోతుందని నమ్మేవాళ్ళం. (ఇప్పటి పిల్లలు ‘ఒరే’ అని పిలుస్తున్నా వాళ్ళ మొగుళ్ళు నిక్షేపంగా ఉన్నారు.) మా ఊరికి ఎగువన వంశధార మీద అప్పుడే ఆనకట్ట పూర్తయింది. కట్టినన్నాళ్ళూ మధ్యాహ్నం కూలీలను అన్నానికి పిలవడానికి సైరన్ మోగించేవారు. మా మగవాళ్ళు ఆ కూత వింటూనే కింది మడుగులో వలలు విసరడం అలవాటు చేసుకున్నారు.

ఒక రోజు వాళ్ళు ఏటికి వెళ్ళిపోయాక ఊళ్ళోకి దండోరా వచ్చింది. ఎగువన వానలు పడ్డాయట, తలుపులు ఎత్తుతారట, ఇకమీదట సైరన్ మోగిందంటే నీళ్ళు వదులుతున్నట్టట. పొయ్యి మీద అంబలి అలాగే వదిలేసి (కట్టెలు మాత్రం బయటికి లాగి, నీళ్ళు చల్లి) పరుగెత్తాను. గట్టెక్కేసరికి సైరన్ మోగనే మోగింది. మడుగులో ఒక్కరూ కదల్లేదు.

“బావా! పైకి రా, నీల్లొదిలేస్తన్నారు!” అని అరిచాను. ఊళ్ళో సగం మంది నాకు వరసకు బావలే. నలుగురు ఇటు తిరిగారు.

“ఏ బావనే పిల్లా పిలిసినావు? నన్నేటి?” అన్నాడొకడు.

“సైరన్ ఇనబడ్నేదా మీకు?”

“అది కూలోల్ల కూడేల కూతే. నువ్వూ ఎల్లి తిను!”

అందరూ నవ్వారు. మా ఆయన మాత్రం అందరికంటే లోపల, నడుములోతు నీళ్ళలో, నాకు వీపు తిప్పి వల సర్దుకుంటున్నారు. తలుపుల దగ్గర తెల్లగా నురగ కనిపించింది. పిలిస్తే ఆయుష్షు తరుగుతుంది, పిలవకపోతే ఇప్పుడే పోతుంది. కళ్ళు మూసుకుని, ఇంటిపేరుతో సహా ఆయన పేరు అరిచేశాను.

నవ్వులు ఆగిపోయాయి. ఆయన గిర్రున తిరిగి, వల అక్కడే పడేసి, “నలుగుర్లో నా పేరెట్టి అరుస్తావేటే! సెప్తానుండు!” అంటూ చెయ్యెత్తి గట్టు మీదికి వచ్చేశారు. తగువు చూద్దామని మిగతా బావలంతా వెనకే ఎక్కారు. చివరివాడి కాలు గట్టు మీద పడిందో లేదో, ఎర్రనీళ్ళు ఉరుముతూ వచ్చి మడుగును కప్పేశాయి. ఆయన ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. “ఓలమ్మా, నా వల!” అని మాత్రం అన్నారు. (కొత్త వల. నాకూ ఆ బాధ ఇంకా పోలేదు.)

సాయంత్రం మా అత్త నిలదీసింది. “మొగుణ్ణి పేరెట్టి పిలిసినావట?”

ఇంకెప్పుడూ పిలవనని ఒట్టేశాను. ఆయన బతికినంతకాలం నిలబెట్టుకున్నాను కూడా. ఇప్పుడు పింఛను ఇచ్చేచోట, వేలిముద్ర మిషను ముందు, భర్త పేరేమిటని అడుగుతారు. ఇంటిల్లిపాదినీ గదమాయించే నా గొంతు అక్కడ చిన్నదైపోతుంది. చెప్పాక ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను, చెయ్యెత్తి తిట్టడానికైనా వస్తారేమోనని.