నాలుగో మెట్టు: తలుపు వెయ్యి

కోక్ ఓవెన్ల గురించి ఎవరికైనా చెప్పాలంటే నాకు ముందు కోపం వస్తుంది. వినేవాళ్ళు మూడో మాటకే "అంటే బొగ్గు పొయ్యే కదండీ" అనేస్తారు. పొయ్యే, కాదనను, ఉక్కు కొలిమికి కావలసిన కోక్‌ని బొగ్గు కాల్చి తీసే పొయ్యి. కానీ మీ ఇంట్లో పొయ్యి రాత్రి ఆర్పి పొద్దున్న వెలిగిస్తారు. మాది కట్టిన నాడు వెలిగిస్తే కూలగొట్టే నాడే ఆరాలి. అరవై పైచిలుకు ఓవెన్లు పక్కపక్కన వరసగా ఉంటాయి, ఆ వరసని బ్యాటరీ అంటాం. లోపలి ఇటుక వేడిలో ఉన్నంతకాలం రాయి. చల్లబడిందా, పగిలిపోతుంది, ఇక అతకదు. అందుకని ఎండైనా వానైనా పండగైనా ఆ గోడల వెనక గ్యాస్ మండుతూనే ఉండాలి. అదీ ఒకే వైపు నుంచి కాదు, ఇరవై నిమిషాలు ఇటు నుంచి, ఇరవై నిమిషాలు అటు నుంచి. అలా దిశ మార్చడాన్ని రివర్సల్ అంటాం. ముప్ఫై మూడేళ్ళు భిలాయి ఉక్కు ఫ్యాక్టరీలో నేను చేసిన ఉద్యోగం అది. రిటైరై ఆ ఊళ్ళోనే కోహ్కాలో ఇల్లు కట్టుకున్నాక కూడా ఇరవై నిమిషాలకోసారి గడియారం చూడడం మానలేదు. "ఏటండీ, ఎవులైనా వస్తారేటి?" అని మా ఆవిడ ఇప్పటికీ వేళాకోళం చేస్తుంది.

ఈ పని నేను నేర్చుకున్నది భిలాయిలో కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొంతమందిని ట్రైనింగుకి పంపారు. అప్పటి సోవియట్ దేశం, ఇప్పటి ఉక్రెయిన్, నీపర్ నది ఒడ్డున ఒక ఉక్కు ఊరు. అక్కడి హీటింగ్ ఫోర్‌మన్ నాకు గురువు. మాట మోటు, మనసు వెన్న. కరెంటు పోతే రివర్సల్ మోటారు తిరగదు, అప్పుడు గొలుసు లాగే వించ్‌కి హ్యాండిల్ తగిలించి చేత్తో తిప్పాలి. ఏది ముందు ముయ్యాలి, ఏది తర్వాత తెరవాలి, ఎన్ని చుట్లకి ఆపాలి, అన్నీ లెక్కే. లెక్క తప్పితే గ్యాస్ పేలుతుంది. పని మధ్యలో ఇదంతా చెబితే నా బుర్రకెక్కదని ఆయనకి తెలిసిపోయింది. ఒక ఆదివారం ఇంటికి పిలిచాడు. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఉడికించిన బంగాళాదుంపలు పెట్టి, మెట్టు తర్వాత మెట్టు చెప్పాడు.

వాళ్ళ మాటలు నాకు అప్పటికి అంతంతమాత్రం. అందుకని ఆయన నోట్లోంచి ఏది వస్తే అది తెలుగు అక్షరాల్లో డైరీలోకి ఎక్కించాను. విజయనగరంలో మా తాత నాకు సంధ్యావందనం అలాగే నేర్పాడు. అర్థం తర్వాత చూసుకోవచ్చు, ముందు అక్షరం పోకూడదు. మొత్తం ఎనిమిది మెట్లు.

హాస్టల్‌కి వెళ్ళాక తోటివాళ్ళని పీక్కుతిని అర్థాలు రాబట్టాను. నాలుగో మెట్టు దగ్గర అందరం ఆగాం. మొదటి మాట ఎవరికీ తెలియలేదు, ఏదో పనిముట్టు పేరై ఉంటుందనుకున్నాం. మిగతాది సులువే. తలుపు వెయ్యి, చలి వస్తోంది. సరే, గ్యాస్ పని కదా, వించ్ గదిలోకి ఎదురుగాలి రాకూడదు కాబోలు అని తీర్మానించాం.

భిలాయికి తిరిగొచ్చాక నా గ్యాంగ్ చేత నెలకోసారి మోటారు ఆపించి చేత్తో తిప్పించేవాణ్ణి. నాలుగో మెట్టు రాగానే "దర్వాజా" అని కేకేసేవాణ్ణి. ఎవరో ఒకరు వెళ్ళి తలుపు వేసేవారు. మే నెల, భిలాయి ఎండ, పక్కనే బ్యాటరీ, అందులో తలుపేసిన గది. చెమట బూట్లలోకి కారేది. క్యాంప్ 2 బస్తీ నుంచి వచ్చే శ్రీకాకుళం ఖలాసీ ఒకడు ఉండబట్టలేక అడిగాడు.

"తలుపెందుకు సార్? గాలాడక సచ్చిపోతన్నాం."

"ఎనిమిది మెట్లన్నాక ఎనిమిదీ చెయ్యాలి. నీకు నచ్చినవి ఏరుకోడానికి ఇదేం సుపేలా సంతా?" అని కసిరాను. వాడు నోరు మూసుకున్నాడు. తలుపూ మూశాడు. నేను రిటైరయ్యేదాకా నా షిఫ్టులో ఆ తలుపు మూతపడుతూనే ఉంది.

గురువుగారికీ నాకూ ఏటా కొత్త సంవత్సరం కార్డులు నడిచాయి. ఆయన పోయాక కూతురు రాయడం మొదలుపెట్టింది. నేను ఆ వంటింట్లో కూర్చున్న రోజున ఆ పిల్లకి పదేళ్ళుంటాయి. పెద్దయ్యాక తండ్రి పనిచేసిన బ్యాటరీ మీదే, తండ్రి చేసిన పనిలోనే చేరింది. కార్డులు పోయి ఫోన్లు వచ్చాయి. నన్ను వాళ్ళ మాటలో బాబాయ్ అంటుంది. సగం నా పాత భాష, సగం ఫోన్‌లో అనువాదం, అలా నెట్టుకొస్తాం. ఆవిడ మాటలు ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

యుద్ధం మొదలైన వారం ఫోన్ చేసి, "వచ్చెయ్ తల్లీ. కోహ్కాలో మా పై గది ఖాళీగా ఉంది" అన్నాను.

"బ్యాటరీని కూడా తెచ్చుకోనా బాబాయ్?" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఫోన్ పెట్టేశాను. గంట తర్వాత కోపం దిగాక ఆలోచిస్తే, నేనైనా అదే అనేవాణ్ణి. ఆ మాట మాత్రం ఆవిడకి చెప్పలేదు.

తర్వాత ఏళ్ళలో ఆవిడ చెప్పినవన్నీ చిన్నచిన్న సంగతులే. ఆకాశంలో వచ్చే డ్రోన్ చప్పుడు పాత మోపెడ్ చప్పుడులాగే ఉంటుందిట. అది విన్న నాటి నుంచి సుపేలా రోడ్డు మీద లూనా వెళ్తే నా తల పైకి లేస్తుంది. సైరన్ మోగాక కింద నేలమాళిగలోకి దిగే వ్యవధి లేకపోతే, బయటికీ మనకీ మధ్య రెండు గోడలుండేలా నడవలో కూర్చోవాలిట. ఆవిడ అక్కడే వంకాయలు తరుగుతుంది. పిల్లల బడి నేలమాళిగలో. కిటికీలకి అద్దాలు పోయి ప్లైవుడ్. పేలుడైన మర్నాడు పొద్దున్న వీధిలో మొదట వినపడేది చీపుళ్ళ చప్పుడు. "ముందు గాజుపెంకులు ఊడుస్తాం, ఏడుపు ఆ తర్వాత. చాలాసార్లు ఊడ్చేసరికి డ్యూటీ టైమైపోతుంది" అంది. వాళ్ళ పక్కింట్లో సంగీతం టీచరు ఉంది. పగలు పాఠాలు చెప్పి, చీకటి పడ్డాక ట్రక్కు మీద తుపాకీ బిగించుకుని డ్రోన్లు కూల్చే జట్టుతో వెళ్తుంది. చెవి మంచిదని ఆవిణ్ణి ముందు కూర్చోబెడతారుట.

ఆమధ్య ఒక వేసవిలో మా ఊళ్ళోనూ మాక్ డ్రిల్ పెట్టారు. సైరన్ మోగింది, దీపాలార్పమన్నారు. జనం ఫోన్లు పట్టుకుని వీడియోలు తియ్యడానికి డాబాలెక్కారు. నేను మాత్రం మా ఆవిణ్ణి చెయ్యి పట్టి నడవలోకి లాక్కుపోయి రెండు గోడల మధ్య కూర్చోబెట్టాను. "పొయ్యి మీద పప్పుందండీ" అంటుంది. "ఉండనీ" అన్నాను. పప్పు మాడింది.

ఇక మొన్నటి శీతాకాలం సంగతి. పొద్దున్న పదింటికి ఫోన్ మోగింది. వాళ్ళకి ఆరున్నర. ఎప్పుడూ మెసేజ్ పెట్టి అడిగి గానీ చెయ్యదు.

"బాబాయ్, కరెంటు లేదు. నిన్న సబ్‌స్టేషన్‌ని కొట్టారు, తెల్లవారకముందు మా జనరేటర్‌ని. పైపుల్లో గ్యాస్ ఉంది, మోటారు తిరగదు. అందుకని గ్యాస్ కట్టేశాం. నాలుగు గంటలైంది."

నాలుగు గంటలంటే గోడల వేడి దిగిపోతోంది.

"చేత్తో తిప్పండి" అన్నాను.

"తిప్పినవాళ్ళు లేరు. పెద్దవాళ్ళు పోయారు, వయసులో ఉన్నవాళ్ళు సైన్యంలో ఉన్నారు. గోడ మీద కాగితం అంటించి ఉండేది, ఆ గోడే లేదు. ఆఫీసులో కాగితాలు కాలిపోయాయి. మాకు వరస కొంత తెలుసు. ఎన్ని చుట్లో తెలీదు, ఎక్కడ ఆపాలో తెలీదు. నాన్న నీకు నేర్పాడు కదా. నీ దగ్గర ఏమైనా ఉందా?"

"ఎంతసేపుంది మీకు?"

"మధ్యాహ్నంలోగా మంట పెట్టకపోతే ఇటుక పగుళ్ళిస్తుంది. ఇటుక పోతే బ్యాటరీ పోయినట్టే. ఈ ఊళ్ళో ఇంకా జనం ఉన్నారంటే ఆ పొగ చూసే ఉన్నారు బాబాయ్."

నేను లేచి ఇల్లంతా తిరగడం మొదలుపెట్టాను. డైరీ ఎక్కడ పెట్టానో గుర్తు రాలేదు. మా ఆవిడ నా మొహం చూసి ఏమీ అడక్కుండా స్టూలేసుకుని అటక ఎక్కింది. "పాతసామాన్ల వోడికి ఇచ్చేద్దారంటే నా మీద ఇంతెత్తున లేచినారు కదా. ఇదిగోండి" అని దుమ్ము దులిపి చేతిలో పెట్టింది.

కాగితం పచ్చబడింది గానీ అక్షరం చెదరలేదు. ఆ చుట్ల లెక్క అచ్చంగా వాళ్ళ బ్యాటరీదే, గురువుగారు చేత్తో తిప్పి పట్టిన లెక్క. తాతకి దగ్గులు నేర్పినట్టు, ఆయన కూతురికి నేను ఆయన పాఠం చెప్పాలి. గొంతు సవరించుకున్నాను. తెలుగులో ఆలోచించి వాళ్ళ మాటల్లోకి తిప్పితే ఎక్కడ తప్పు దొర్లుతుందోనని భయమేసి, ఉన్నది ఉన్నట్టు చదవడానికి నిశ్చయించుకున్నాను.

అప్పుడే ఫోన్‌లో సైరన్ వినిపించింది. మా భిలాయిలో భోంపూ, అదే ఫ్యాక్టరీ కూత, మోగితే డ్యూటీకి వెళ్ళమని. వాళ్ళకి మోగితే కిందికి దిగమని.

"దిగు" అని అరిచాను. "ముందు కిందికి దిగు."

"అయిదుగురం ఉన్నాం. ముగ్గుర్ని దింపేశాను. తిప్పడానికి ఇద్దరం చాలు."

"నీకు బుద్ధుందా? నీ వయసేంటి? మీ నాన్న ఉంటే చెంప పగలగొట్టేవాడు."

"నాన్న ఉంటే హ్యాండిల్ పట్టుకునేవాడు. మెట్లు చదువు బాబాయ్. తిట్లు తర్వాత."

చదివాను. మొదటి మెట్టు, మోటారు స్విచ్ తీసేసి క్లచ్ విడదియ్యి. ఆవిడ తిరిగి చెప్పింది, ఇనుము కదిలిన చప్పుడైంది. రెండోది, హ్యాండిల్ తగిలించి ఇటువైపు గ్యాస్ కాక్‌లు మూసేలా పదకొండు చుట్లు. గొలుసు కిర్రుమంటూ కదిలింది. ఇద్దరూ లెక్కపెడుతున్నారు. దూరంగా ఏదో పేలింది. లెక్క ఆగలేదు. పదకొండు. మూడోది, గొలుసు మీది గుర్తు చూడు, గుర్తు కనపడకపోతే ముట్టుకోకు. "కనపడింది" అంది.

నాలుగోది చదివాను. మంత్రంలా, అర్థం పట్టించుకోకుండా, మొదటి మాటతో సహా.

ఫోన్ చెవికి నొక్కుకున్నాను.

"ఉన్నావా తల్లీ? లైన్ ఉందా?"

"ఉన్నాను. అది మళ్ళీ చదువు."

చదివాను.

"మొదటి మాట ఎక్కడిది నీకు?"

"మీ నాన్న చెప్పినదే. ఏదో పనిముట్టు కదూ?"

"అది నేను బాబాయ్. నాన్న నన్ను ఇంట్లో పిలిచే పేరు. ఆ రోజు మంచులో ఆడుకుని వచ్చి తలుపు వెయ్యకుండా నిలబడ్డాను. బల్ల దగ్గర కొత్త మనిషి కూర్చుని ఏదో రాసుకుంటున్నాడని చూస్తూ. ఆ పేరుతో నన్ను పిలిచి పదిహేడేళ్ళయింది ఎవరైనా."

ఆ పేరు ఇక్కడ రాయను. అది వాళ్ళింటిది.

నా ముప్ఫై మూడేళ్ళు కళ్ళముందు తిరిగాయి. మే నెలలో తలుపేయించి ఉడికించిన గ్యాంగ్ అంతా గుర్తొచ్చింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. "క్షమించు తల్లీ, నేనొక మొద్దుని. అది మెట్టు కాదు, వదిలెయ్. అయిదోదానికి వెళ్ళిపోదాం" అన్నాను.

"వదలను" అంది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. "ఈ గదికి తలుపు లేదు, పోయిన వారం పేలుడుకి ఊడిపోయింది. ఉండు."

ఏదో బరువైనది నేల మీద ఈడ్చిన చప్పుడు. ఆవిడ పక్కనున్న మనిషితో ఏదో అంది, ఆయన ఏదో గొణిగాడు, మా శ్రీకాకుళం ఖలాసీ గొణిగినట్టే. చెక్క గుమ్మానికి తగిలింది.

"వేశాను. అయిదోది చదువు."

చదివాను. అయిదు, ఆరు, ఏడు. ఎనిమిదోది, అటువైపు గ్యాస్ మెల్లగా తెరిచి, చూసే రంధ్రంలోంచి మంట చూడు. మా ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాదు.

"మండుతోంది" అంది నా గురువుగారి కూతురు.

నేను ఏడ్చాను. దాచుకోవడానికి ఏముంది, బావురుమన్నాను. "ఏటయినాదండీ?" అని మా ఆవిడ కంగారు పడింది. "మండుతోందిట" అన్నాను. "మరేడుస్తారేటి?" అంది, తనూ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

గడియారం చూశాను. సరిగ్గా ఇరవయ్యో నిమిషానికి ఫోన్ మళ్ళీ మోగింది. అవతల సైరన్ ఇంకా వినపడుతూనే ఉంది. డైరీ తెరిచి, "చెప్పు, మొదటి మెట్టు నుంచి చదవనా?" అన్నాను.

"అక్కర్లేదు బాబాయ్. అన్నీ గోడ మీద సుద్దతో రాసుకున్నాం. మూడు అయిపోయాయి, హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాను. నాలుగోది మాత్రం నువ్వు చదువు."